మన ఇంటి కప్పు, మన నగరం ఎండ

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సెక్రటరీగారు నాకు అప్పజెప్పిన విషయం ‘పెరుగుతున్న నగరాల్లో హరిత భవనాలు’. అరగంటలో ముగించమన్నారు. హరిత భవనం అనగానే మనలో చాలామంది కళ్ళముందు మెదిలేది హైటెక్ సిటీ వైపు ఒక అద్దాల మేడ, దాని గోడకు తగిలించిన ప్లాటినం సర్టిఫికెట్టు. అదంతా పెద్ద కంపెనీల వ్యవహారం, అరవై గజాల్లో రెండు గదులు వేసుకొన్న మనకెందుకులే అనుకొంటాం. నేనీరోజు మనవి చేయదలచుకొన్నది దీనికి సరిగ్గా ఎదురు మాట. ఆ సంగతుల అవసరం అందరికంటె ఎక్కువ ఉన్నది అరవై గజాల ఇంటికే. ఇక రెండో సంగతి, మన సొసైటీ కట్టబోయే విద్యార్థి వసతిగృహం ప్లాను గూర్చి కూడా నాలుగు మాటలు చెప్పాలి. అవి కొందరికి రుచించకపోవచ్చు. చివర చెబుతాను.

ముందు మన ఊరి సంగతి చూద్దాం. 1981 జనాభా లెక్కల్లో హైదరాబాదు, చుట్టుపక్కల ప్రాంతాలతో కలిపి, 25 లక్షల పైచిలుకు. 2011 లెక్కలకు అది 77 లక్షలైంది. ముప్పై ఏళ్ళలో మూడింతలు. గుంటూరు, నల్లగొండ, ప్రకాశం, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి చదువులకనీ ఉద్యోగాలకనీ వచ్చి స్థిరపడిన మన కుటుంబాలు కూడా ఆ లెక్కలోనివే. ఇంతమందికి ఇళ్ళు కావాలి. కట్టారు, కడుతున్నారు. కాని గాలి ఎటునుంచి వస్తుంది, పొద్దు ఎటు వాలుతుంది అని అడిగి కట్టినవాళ్ళు ఎంతమంది? స్థలం కొలిచారు, పిల్లర్లు లేపారు, స్లాబు వేశారు. ఒకసారి వేసిన స్లాబు యాభై ఏళ్ళుంటుంది. అంటే ఈరోజు తొందరలో మనం కట్టినదాంట్లో మన మనవలు కాపరం చేయాలన్నమాట.

వేసవిలో స్లాబు ఇల్లు ఎలా ఉంటుందో ఇక్కడ కూర్చొన్న ఆడవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. నల్లబడిన సిమెంటు కప్పు తన మీద పడిన ఎండలో ముప్పావు వంతు దాకా లోపలికి పీల్చుకొంటుంది. బయట 42 డిగ్రీలున్న రోజున ఆ కప్పు పైభాగం 55, 60 డిగ్రీలకు పోతుంది. ఆ వేడి వెంటనే కిందికి దిగదు. మెల్లమెల్లగా దిగుతూ, మనం రాత్రి ఇషా నమాజు చేసుకొని పడుకొనే వేళకు సరిగ్గా గదిలోకి వస్తుంది. ఫ్యాను వేస్తే పైనున్న ఆ వేడిగాలినే తెచ్చి మన మొహాన కొడుతుంది. ఇక రేకుల ఇల్లయితే రాత్రిదాకా ఆగే పనే లేదు, పట్టపగలే కొలిమి.

దీన్ని ఇబ్బంది అని సరిపెట్టుకోవడానికి లేదండీ. ఇందులో ప్రాణాలు పోతున్నాయి. 2010 మే నెలలో అహమ్మదాబాదులో ఎండ 46.8 డిగ్రీలకు చేరింది. తరవాత పరిశోధకులు మునిసిపాలిటీ మరణాల రిజిస్టర్లు తిరగేసి చూస్తే ఆ ఒక్క నెలలో మామూలు కంటె 1,344 మరణాలు ఎక్కువ తేలాయి. 2015 మే నెలలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వడదెబ్బకు పోయినవాళ్ళు రెండు వేలకు పైగా. వాళ్ళలో ఎండలో పని చేసిన కూలీలున్నారు, ఇంట్లోనే ఉన్న ముసలివాళ్ళూ ఉన్నారు. ఇంట్లో ఉంటే నీడ కదా అనుకొంటాం. కాలిన కప్పు కింద నీడ నీడ కాదు.

పాతబస్తీలో ఎన్ని ఇళ్ళలో ఆడవాళ్ళు ఇంటిపట్టున కూర్చొని జర్దోజీ పని చేస్తారు, లక్కగాజులు చేస్తారు, కుట్టుపని చేస్తారు! లక్క పనికి బొగ్గుల కుంపటి పక్కనే ఉండాలి. పైన రేకు, పక్కన కుంపటి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పని ఆగిపోతుంది. పని ఆగితే ఆ పూట కూలి లేదు. ఇంటి కప్పుకూ ఇంటి రాబడికీ ఉన్న ఈ లంకెను మన లెక్కల్లో ఎవరూ రాయరు. చదువుకొనే పిల్లల సంగతి వేరే చెప్పాలా? పరీక్షలన్నీ మార్చి, ఏప్రిల్‌లోనే గదా.

దీనికి మందు చాలా చిన్నది. కప్పు మీద తెలుపు. నవ్వకండి. మన పెద్దవాళ్ళు పండగకు ముందు ఇంటికి సున్నం కొట్టించేవారు గుర్తుందా? గోడలకు కొట్టించారు, డాబా పైభాగాన్ని మాత్రం వదిలేశాం. కొత్తగా వేసిన తెల్లసున్నం తన మీద పడ్డ ఎండలో సుమారు ముప్పావు వంతు వెనక్కి తిరగ్గొడుతుంది. దానివల్ల కింది గదిలో రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తేడా వస్తుంది. ఐదు డిగ్రీలంటే ఏమిటో రాత్రి నిద్రపట్టక దొర్లినవాడికి తెలుస్తుంది. 2010లో దెబ్బతిన్న అహమ్మదాబాదు 2013లో ఎండల నుంచి కాపాడుకొనే ప్రణాళికను తయారు చేసుకొన్నది. 2017లో అక్కడ పేదల ఇళ్ళ కప్పులకు సున్నం వేసే కార్యక్రమం మొదలుపెట్టారు. అదే ఏడు మన హైదరాబాదులో కూడా కొన్ని ఇళ్ళ మీద ప్రయోగం చేసి చూశారు. దాని ఫలితంగానే 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ‘కూల్ రూఫ్’ విధానం ప్రకటించింది. చల్లని కప్పుల గురించి ఒక రాష్ట్రం ప్రత్యేకంగా ఇలాంటి విధానం తేవడం మంచి పనే, మెచ్చుకోవాలి.

అయితే అందులో ఒక సంగతి గమనించండి. ప్రభుత్వ భవనాలకు, వ్యాపార భవనాలకు అది తప్పనిసరి. నివాసపు ఇళ్ళకు మాత్రం 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లో కడితేనే తప్పనిసరి. అంతకంటె చిన్న ఇంటికి ఇష్టమైతే చేసుకోవచ్చు. ఈ హాల్లో 600 గజాల ఇల్లు ఉన్నవారు ఎంతమంది, చేతులెత్తండి. (ఒక చెయ్యి లేచింది, నవ్వులు.) కాబట్టి చట్టం వచ్చి మన తలుపు తట్టదు. మన కప్పు సంగతి మనమే చూసుకోవాలి.

ఎలా వెయ్యాలో చెబుతాను, రాసుకొనేవారు రాసుకోండి. డాబా శుభ్రంగా ఊడ్చి, నాచు గీకి, నీళ్ళతో కడగాలి. బీటలుంటే ముందు వాటిని పూడ్చాలి, లేకపోతే తెల్లటి కప్పు కింద కూడా వానకు కారుతుంది. రాళ్ళసున్నం నీళ్ళలో తడిపి, చల్లారాక పలచటి బట్టలో వడకట్టి, ఫెవికాల్ వంటి జిగురు కొద్దిగా కలిపి, పొద్దున్నే గాని సాయంత్రం గాని, కప్పును తడిపి వెయ్యాలి. మందంగా ఒక్కసారి వేస్తే పెచ్చులు ఊడుతుంది. పలచగా రెండు మూడు పూతలు వెయ్యాలి. సున్నం కళ్ళలో పడితే ప్రమాదం, పిల్లల్ని దగ్గరికి రానివ్వవద్దు. ఫిబ్రవరి ఆఖరుకు వేసుకొంటే వేసవంతా ఉంటుంది, వానలకు పోతుంది, మళ్ళీ ఏడు మళ్ళీ వేసుకోవాలి. డాబా మీద తిరిగేవాళ్ళు, పడుకొనేవాళ్ళు ఉంటే సున్నం కాళ్ళకు అంటుతుందని కొందరి ఫిర్యాదు. అది నిజమే. అటువంటివారు చేతిలో డబ్బున్నప్పుడు తెల్ల టైల్సు గాని, పగిలిన టైలు ముక్కలు గాని పరిపించుకోవచ్చు. ఆస్‌బెస్టాస్ రేకులున్నవారు ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆ రేకును పొడిగా ఉన్నప్పుడు గీకకూడదు, బ్రష్షుతో రుద్దకూడదు. దాన్నుంచి లేచే నూగు ఊపిరితిత్తులకు చాలా చేటు. తడిపి, మెల్లగా తుడిచి, పైన పూత వెయ్యాలి.

ఇక గోడలు, కిటికీలు. ఇక్కడ మనం కొత్తగా నేర్చుకోవలసినదానికంటె మర్చిపోయినదే ఎక్కువ. పాత హైదరాబాదు దేవిడీలు చూసినవారున్నారు. మధ్యలో సహన్, చుట్టూ దాలాన్, మందపాటి రాతిగోడ, డంగు సున్నం, ఎత్తయిన కప్పు, పైన రోషన్‌దాన్. వేడిగాలి పైకి పోతుంది, రోషన్‌దాన్ గుండా బయటపడుతుంది, కింద సహన్ నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. కరెంటు లేని రోజుల్లో కట్టిన ఇళ్ళవి, అందుకని కట్టేవాడు గాలిని లెక్కలోకి తీసుకోక తప్పలేదు. సింధు రాష్ట్రంలో కూడా ఒక హైదరాబాదు ఉంది. ఆ ఊళ్ళో ఒకప్పుడు ఇంటింటి కప్పు మీదా గాలిని పట్టి కిందికి దింపే గూళ్ళుండేవి, అన్నీ గాలి వచ్చే దిక్కుకే మొహం పెట్టుకొని. పాత ఫోటోల్లో చూస్తే ఊరంతా తెరచాపలెత్తినట్టు ఉంటుంది. ఇరాన్‌లో యజ్ద్ పట్టణంలో అలాంటి గాలి బురుజులు ఈనాటికీ ఉన్నాయి.

ఇదంతా పాతచింతకాయ పచ్చడి అనుకొనేవారికి ఒక సంగతి చెబుతాను. మన కొత్తగూడ దగ్గర, హైటెక్ సిటీ పక్కనే, సి.ఐ.ఐ. సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ అని ఒక భవనం ఉంది. 2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాంగారు ప్రారంభించారు. అమెరికావారి లీడ్ పద్ధతిలో ప్లాటినం స్థాయి పొందిన మొదటి భవనం మన దేశంలో అదే. వడోదర ఆర్కిటెక్టు కరణ్ గ్రోవర్ గీసిన భవనం. దాంట్లో ఏముంది? మధ్యలో ఆకాశం కనబడే సహన్. గోడలకు జాలీలు. గాలి పట్టే రెండు బురుజులు. కప్పు మీద చాలా భాగం గడ్డి. వాడిన నీరు మొక్కల వేళ్ళ గుండా శుభ్రమై మళ్ళీ తోటకే పోతుంది. అక్కడి సౌర పలకలు, ఖరీదైన అద్దాలు మనకు అందవు, ఒప్పుకొంటాను. కాని ప్లాటినం తెచ్చిపెట్టిన వాటిలో సహన్, జాలీ కూడా ఉన్నాయంటే, మన తాతల ఇంట్లో ఉన్నవాటికే సర్టిఫికెట్టు వచ్చినట్టు గదా.

జాలీ గూర్చి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఇళ్ళలో పర్దా కోసమని వీధివైపు కిటికీలు మూసేస్తారు, లేదా దుప్పటి కట్టేస్తారు. దాంతో గాలి పోతుంది, వంటింట్లో అమ్మీలు ఆపాలు ఉడికిపోతారు. జాలీకి రెండు గుణాలూ ఉన్నాయి. బయటివాడికి లోపల కనబడదు, గాలికి మాత్రం అడ్డు లేదు. సిమెంటు జాలీ గాని, కాల్చిన మట్టి జాలీ గాని గట్టు దుకాణాల్లో కిటికీ కంటె చౌకగానే దొరుకుతాయి. దోమల బెడదకు వెనక వల బిగించుకొంటే సరి. గల్లీలో మూడు పక్కలా ఇళ్ళు అంటుకొని ఉన్నచోట సహన్ ఎక్కడి నుంచి తేవాలి అంటారు. నిజమే, తేలేం. కాని మెట్లగదిని పైన మూసెయ్యకుండా, దాని నెత్తిన నాలుగు వైపులా జాలీ పెట్టి వానకు చిన్న కప్పు వేస్తే, ఇంటి వేడి అంతా ఆ మెట్లగది గుండా పైకి పోతుంది. ఖర్చు లేని పని. మేస్త్రీకి ముందు చెప్పాలి, అంతే.

పడమటి గోడ మరో శత్రువు. దక్షిణం ఎండకు కిటికీ మీద సన్‌షేడ్ చాలు, ఎందుకంటే పొద్దు నెత్తిన ఉంటుంది. పడమటి ఎండ ఏటవాలుగా వస్తుంది, సన్‌షేడ్ కింద దూరి గోడంతా కాలుస్తుంది. అందుకని పడమర వైపు మెట్లు, బాత్‌రూము, సామాను గది పెట్టి, పడకగది అటు లేకుండా చూసుకోవాలి. జాగా ఉంటే ఒక వేపో కానుగో నాటాలి. జాగా లేకపోతే కుండీలో తీగ పాకించినా మేలే.

గోడ కట్టుబడిలో కూడా ఉపాయాలున్నాయి. కేరళలో స్థిరపడిన లారీ బేకర్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు, 2007లో పోయాడు, పేదల ఇళ్ళు కట్టడంలోనే జీవితం గడిపాడు. ఇటుకల్ని పడుకోబెట్టకుండా నిలబెట్టి, మధ్యలో ఖాళీ ఉండేటట్టు కట్టే పద్ధతిని ఆయన బాగా ప్రచారం చేశాడు. ర్యాట్‌ట్రాప్ కట్టుబడి అంటారు. నాలుగో వంతు ఇటుకలు కలిసివస్తాయి, గోడ లోపలి గాలి వల్ల వేడి తక్కువ దిగుతుంది. రామగుండం, విజయవాడ వంటి థర్మల్ కేంద్రాల బూడిదతో చేసిన ఇటుకలు ఇప్పుడు అన్నిచోట్లా దొరుకుతున్నాయి. పొలంలో మంచి మట్టి తవ్వి కాల్చక్కర్లేదు. వీటితో కట్టిస్తానంటే మన మేస్త్రీలు మొదట తల అడ్డంగా ఊపుతారు. చెయ్యి అలవాటు లేక ఊపుతారు గాని, గోడ నిలబడదని కాదు.

ఈజిప్టులో హసన్ ఫతహీ అని ఇంకొక మహానుభావుడు. 1940ల చివర్లో లక్సర్ దగ్గర కొత్త గుర్నా అనే ఊరు మట్టి ఇటుకలతో, గుమ్మటాలతో, సహన్‌లతో అద్భుతంగా కట్టాడు. పేదల గృహనిర్మాణం మీద ఆయన రాసిన పుస్తకం ప్రపంచమంతా చదివింది. కాని ఏ రైతుల కోసం కట్టాడో ఆ రైతుల్లో చాలామంది అక్కడికి పోలేదు. పాత ఊరి కింద ఫరోల కాలపు సమాధులు, వాళ్ళ బతుకుతెరువు వాటి మీద. దాన్ని వదిలి రమ్మన్నది ప్రభుత్వం, వాళ్ళకు ఇష్టం లేదు. ఇల్లు ఎంత చల్లగా ఉన్నా, ఉండేవాణ్ణి అడిగి కట్టకపోతే ఖాళీగా పడుంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, హాస్టల్ దగ్గర మళ్ళీ అవసరం.

ఏసీల గూర్చి అడుగుతారని తెలుసు. ఏసీ వద్దని నేననను, ఇంట్లో రోగులుంటారు, పసిపిల్లలుంటారు. కాని ఏసీ చలిని పుట్టించదండీ. మన గదిలో వేడిని తీసి, తాను తిన్న కరెంటు వేడిని కూడా కలిపి, గల్లీలోకి విసురుతుంది. పది అడుగుల గల్లీలో ఎదురింటి కిటికీ దగ్గర ఒక ముసలావిడ విసనకర్రతో కూర్చొని ఉంటే, మన వేడి పోయి ఆవిడ మీద పడుతుంది. పొరుగువాడి హక్కు గూర్చి జుమ్మా జుమ్మాకూ వింటూనే ఉంటాం. ఏసీ డబ్బా ఎటు మొహం పెట్టించాం అన్నది కూడా దాంట్లోకే వస్తుందని నా అభిప్రాయం. కప్పు తెల్లగా ఉండి, పడమటి గోడకు నీడ ఉంటే ఆ ఏసీ కూడా తక్కువసేపు నడుస్తుంది, బిల్లు తగ్గుతుంది. డాబా మీద సౌర పలకలు పెట్టించుకొనేవారికి 2024లో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల దాకా సబ్సిడీ పెట్టారు. ఉన్నవారు పెట్టించుకోండి. కాని ముందు కప్పు, తరవాత పలకలు.

నీళ్ళ సంగతి. 1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చి వేలమందిని తీసుకుపోయింది. తరవాత విశ్వేశ్వరయ్యగారి సలహాతో వరదను ఆపడానికి కట్టిన చెరువులే ఈ ఊరికి మంచినీళ్ళిచ్చాయి. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఊరి పక్క నీళ్ళు ఊరికి. ఊరు పెరిగింది, మంజీరా చాలలేదు, 2004లో కృష్ణ నీళ్ళు తెచ్చారు, 2015లో ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్లకు పైగా గోదావరిని మోటార్లతో ఎత్తి తెచ్చారు. మన కొళాయిలో వచ్చే బిందెడు నీళ్ళలో ఎంత కరెంటు ఉందో ఆలోచించండి. ఇంకోవైపు మన డాబా మీద పడిన వాన గొట్టం గుండా వీధిలోకి, వీధి నుంచి డ్రైనేజీలోకి.

చిన్న లెక్క చేద్దాం. 100 గజాల కప్పు అంటే సుమారు 84 చదరపు మీటర్లు. హైదరాబాదులో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల దాకా వాన. గుణిస్తే 67 వేల లీటర్లు. ఆవిరి కింద, మొదటి వానల మురికి కింద అయిదో వంతు తీసెయ్యండి, 53 వేలు మిగిలాయి. 5 వేల లీటర్ల ట్యాంకర్లు పది. మే నెలలో ట్యాంకరు కోసం ఫోన్లు చేసి, బతిమాలి, డబ్బిచ్చి తెచ్చుకొనేవారు ఈ పదినీ గుర్తుంచుకోండి. అవి నేలలోకి దిగితే మన బోరుకో, పొరుగింటి బోరుకో చేరతాయి. ఇంకుడు గుంత నిబంధనల్లో ఉన్నదే. కాని మన కాలనీల్లో చాలా గుంతలు ఫోటో గుంతలు. అనుమతి కోసం తవ్వుతారు, ఫోటో తీస్తారు, పైన బండ పరిచి స్కూటరు పెట్టుకొంటారు. గుంతలో కింద పెద్ద కంకర, పైన చిన్న కంకర, ఆపైన ఇసుక ఉండాలి. సెప్టిక్ ట్యాంకుకు దూరంగా ఉండాలి. ఏటా వానలకు ముందు పై ఇసుక తీసి కడిగి మళ్ళీ పొయ్యాలి. లేకపోతే మూడో ఏటికి అది మురికి గుంత.

మస్జిదు కమిటీల వారికి ఒక మనవి. వజూ చేసిన నీళ్ళలో సబ్బు ఉండదు, నూనె ఉండదు. పూటకు 200 మంది వచ్చే మస్జిదులో మనిషికి నాలుగు లీటర్లు అనుకొన్నా అయిదు పూటలకు 4 వేల లీటర్లు. ఆ నీళ్ళు డ్రైనేజీలో ఎందుకు కలవాలి? విడిగా ఒక గొట్టం వేసి చెట్లకు, ఇంకుడు గుంతకు, లేదా మరుగుదొడ్ల ట్యాంకుకు మళ్ళించవచ్చు. కొత్త మస్జిదు కట్టేటప్పుడే ఆ గొట్టం వేస్తే ఖర్చు తెలియదు. తరవాతైతే గచ్చు పగలగొట్టాలి.

స్థలం కొనేవాళ్ళకు కూడా ఒక మాట చెప్పి ముందుకు పోతాను. 2020 అక్టోబరులో వానలకు బాలాపూర్ గుర్రం చెరువు పొర్లి హఫీజ్ బాబా నగర్ వైపు ఇళ్ళలోకి మనిషి లోతు నీళ్ళొచ్చాయి. జీవితమంతా గల్ఫులో కష్టపడి కట్టుకొన్న ఇళ్ళు. చెరువు శిఖంలో ఎంత హరిత భవనం కట్టినా అది చెరువులోనే ఉంటుంది. చౌకగా వస్తోందని నోటరీ కాగితం మీద కొనేముందు ఆ నేల వానాకాలంలో ఎలా ఉంటుందో ఆ ఊరి పాతకాపును అడగండి.

ఇప్పుడు మన కుర్రాళ్ళ సంగతి. ఈ నగరంలో సెంట్రింగు, పెయింటింగు, వెల్డింగు, కరెంటు పని, ప్లంబింగు చేసేవాళ్ళలో మన జమాతువాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. చల్లని కప్పులు, ఇంకుడు గుంతలు, సౌర పలకలు ఇవన్నీ రేపటి పనులు. ప్రభుత్వం 600 గజాల వాళ్ళకు తప్పనిసరి చేసింది అన్నాను గదా, ఆ పెద్ద ఇళ్ళ కప్పుల మీద పూత వెయ్యాల్సింది ఎవరు? ఈ పని సరిగ్గా నేర్చినవాడికి చేతినిండా పని ఉంటుంది. మన సొసైటీ కుట్టుమిషన్లు పంచుతోంది, మంచిదే. ఈ పనుల్లో కూడా ఒక రెండు నెలల శిక్షణ పెడితే ఏటా పాతిక మంది కుర్రాళ్ళు కూలి రేటు పెంచుకొంటారు. కార్యవర్గం దీన్ని పరిశీలించాలని కోరుతున్నాను.

హాస్టల్ ప్లాను దగ్గరికి వచ్చాను. 300 గజాల్లో మూడంతస్తులు, 80 మంది విద్యార్థులు. చాలా ఏళ్ళ కల, అందరూ ఉన్నంతలో ఇచ్చారు. ప్లాను నేను రెండుసార్లు చూశాను. మెయిన్ రోడ్డు పడమర ఉంది గనుక ముందు గోడంతా పైనుంచి కిందిదాకా నీలం అద్దం గీశారు. దాని వెనక చదువుకొనే హాలు, పడకగదులు. వెనక తూర్పున, నీడ ఉన్నచోట, మెట్లు, బాత్‌రూములు. దీన్ని తిరగేసినట్టయితే సరిగ్గా ఉండేది. సాయంత్రం నాలుగింటికి పిల్లలు కాలేజీల నుంచి వచ్చి పుస్తకం తీసేసరికి పడమటి ఎండ ఆ అద్దం గుండా నేరుగా వాళ్ళ నెత్తిన పడుతుంది. వెలుతురు లోపలికి వస్తుంది, వేడిగా మారి లోపలే చిక్కుకొంటుంది. అప్పుడు ఏసీలు పెట్టాలంటారు. కట్టడానికి చందా ఒకసారి వసూలు చేస్తాం. కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది. ప్రతి నెలా ఎవరింటికి పోయి అడుగుతాం? బిల్లు కట్టలేక ఏసీలు ఆపితే ఆ హాల్లో ఏ పిల్లాడూ కూర్చోడు.

అద్దం లేకపోతే బిల్డింగు బీదగా కనబడుతుందని, దాతలకు చూపించుకోవాలని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. కాని ముందు గోడకు మంచి మట్టి జాలీ పెడితే చార్మినారు ఊళ్ళో అది బీదగా ఎందుకు కనబడుతుంది? మెట్లు, బాత్‌రూములు పడమరకు తేవాలి. చదువుల హాలు తూర్పున, ఉత్తరాన కిటికీలతో ఉండాలి. మధ్యలో 12 అడుగుల చదరం ఖాళీ వదలాలి. దానికోసం ప్రతి అంతస్తులో ఒక గది పోతుంది, తొమ్మిది మందికి చోటు తగ్గుతుంది. ఇది నేను దాచడం లేదు. మిగిలిన 71 మంది మే నెలలో కూడా ఆ ఇంట్లో నిద్రపోగలరు. 300 గజాల కప్పు నుంచి, ఇందాకటి లెక్కనే, ఏడాదికి లక్షా 60 వేల లీటర్ల వాన వస్తుంది, దానికి సంపు ఇప్పుడే తవ్వుకోవాలి. వంటవాళ్ళను, ఇప్పుడు అద్దె గదుల్లో ఉంటున్న మన విద్యార్థులను పది మందిని కూర్చోబెట్టి ఒక సాయంత్రం ప్లాను చూపించి అడగాలి. ఫతహీగారి ఊరి సంగతి ఇందుకే చెప్పాను.

ఇవన్నీ రాతలో, కొలతలతో సహా, సెక్రటరీగారికి ఇచ్చాను. టెండరు ఇంకా పిలవలేదు కాబట్టి కాగితం మీద గీత మార్చడానికి ఖర్చు లేదు. ప్లాను నకలు, నా కాగితం రెండూ పక్కపక్కన ఆఫీసులో గోడకు పెట్టమని కోరాను. సభ్యులు వచ్చి చూడవచ్చు, నన్ను నిలదీయవచ్చు.

వచ్చే ఆదివారం ఫజర్ నమాజు తరవాత మన ఆఫీసు డాబా మీద సున్నం వేస్తున్నాం. ఒక గది కప్పుకు వేసి పక్క గది కప్పును అలాగే వదిలి, రెంటిలోనూ థర్మామీటర్లు వేలాడదీస్తాం. మధ్యాహ్నం మూడింటికీ, రాత్రి పదింటికీ వచ్చి మీ కళ్ళతో మీరే చూసుకోండి. పని చేయదలచినవారు పాత బట్టలు వేసుకొని రండి. బ్రష్షులు ఆరున్నాయి, ఇంకో నాలుగు కావాలి.